విక్టోరియా జలపాతానికి ఏప్రిల్లోనే ఎందుకురా?

ఒరేయ్ నానీ,

ఏప్రిల్లో నీళ్లు నిండుగా ఉంటాయని విక్టోరియా జలపాతానికి టికెట్లు తీసేస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. కొంచెం ఆగు. నిండుగా ఉండే మాట నిజమే. కానీ అక్కడ, ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వే దేశాల సరిహద్దులో, జాంబెజీ నది తనకు అడ్డంగా ఉన్న ఇరుకు లోయలోకి పడుతుంది, మనం ఎదురు గట్టు మీద నిలబడి చూడాలి. 1708 మీటర్ల వెడల్పున, 108 మీటర్ల లోతుకు పడే ఆ నీరంతా తుంపరై పైకి లేచి మన మొహానే కొడుతుంది. వరద ఎక్కువగా ఉన్నప్పుడు తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు, పైన ఎండ కాస్తున్నా ఒళ్లంతా తడిసి ముద్దవుతుంది. అలాగని అక్టోబరు, నవంబరుకు మార్చకు, అప్పుడు జాంబియా వైపు చాలా మేర ఉత్త బండరాయే మిగులుతుంది.

నా మాట విని జూన్ చివర్లో గానీ జూలైలో గానీ పెట్టుకో. నీళ్లూ ఉంటాయి, చూపూ ఆనుతుంది. అది వాళ్లకు చలికాలం, పొద్దున్నే వెళ్తే స్వెట్టర్ ఉండాల్సిందే.

ముందు జింబాబ్వే వైపు చూడండి, జలపాతం ఎక్కువ భాగం అక్కడి నుంచే ఎదురుగా కనిపిస్తుంది. దానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వు, అరపూటలో ముగించే చోటు కాదది. చివర్లో డేంజర్ పాయింట్ దగ్గర కంచె ఉండదు, రాళ్లు తడిగా జారుతుంటాయి, అమ్మ చెయ్యి వదలకు, పట్టున్న బూట్లు కొనిపెట్టు. ఫోన్‌కి ప్లాస్టిక్ కవర్ తప్పనిసరి. తినేవి చేతిలో పట్టుకుని తిరక్కండి, బబూన్ కోతులు లాక్కుపోతాయి.

మర్నాడు 1905లో కట్టిన వంతెన మీదుగా నడిచి జాంబియా వైపు వెళ్లొచ్చు. అయితే అవతలికి వెళ్లాక మళ్లీ తిరిగి రావడానికి మీ వీసా పనికొస్తుందో లేదో ఇక్కడే కనుక్కో, ఆ టెన్షన్ సరిహద్దులో వద్దు. అంచున ఈతకొట్టే డెవిల్స్ పూల్ మాత్రం నీళ్లు బాగా తగ్గాకే తెరుస్తారు కాబట్టి ఈసారికి దాని ఊసెత్తకు.

ఇంకొకటి, పౌర్ణమి రోజుల్లో పార్కు రాత్రిపూట కూడా తెరుస్తారు. వెన్నెలకు ఆ తుంపరలో ఇంద్రధనుస్సు లేస్తుంది, అమ్మకు అది తప్పకుండా చూపించాలి. కాబట్టి టికెట్లు తీసే ముందు క్యాలెండర్‌లో పౌర్ణమి ఎప్పుడో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ