ఇంట్లోనే ఉండే పనిమనిషి చుట్టూ తిరిగే సైకలాజికల్ థ్రిల్లర్లు అంత టెన్షన్ ఎందుకు పెడతాయి?

పక్కలు సర్దే, చెత్తబుట్ట ఖాళీ చేసే మనిషికి ఆ కుటుంబం దాచుకున్నవన్నీ కంటబడతాయి. కానీ ఆమె మాటకు విలువ ఉండదు. పైగా పని పోతే తలదాచుకునే చోటు కూడా పోతుంది. అందుకే 'పారిపోవచ్చు కదా' అనే ప్రశ్న ఈ కథల్లో చెల్లదు. టెన్షన్‌కి అసలు మూలం ఇదే.

దీన్ని అద్భుతంగా వాడుకున్నది కొరియా దర్శకుడు కిమ్ కి-యంగ్ 1960లో తీసిన 'ది హౌస్‌మెయిడ్'. అందులోది పెద్ద డబ్బున్న కుటుంబమేమీ కాదు. భర్త సంగీతం మాస్టారు, భార్య మిషన్ కుట్టి మరీ రెండంతస్తుల ఇల్లు ఏర్పరచుకుంది. మాస్టారికి పనిమనిషితో సంబంధం ఏర్పడ్డాక పగ్గాలు ఆమె చేతికి వస్తాయి. పరువు పోతుందన్న భయంతో వాళ్లు ఆమెను బయటికి పంపలేరు, పోలీసులకీ చెప్పలేరు. ఎలుకల మందు, మేడమెట్లు కనబడితే చాలు, గుండె వేగం పెరుగుతుంది.

2010లో ఇమ్ సాంగ్-సూ ఇదే కథను మహా సంపన్నుల ఇంట్లోకి మార్చాడు. అక్కడ డబ్బుతో దేన్నైనా కప్పిపుచ్చగలరు కాబట్టి, నలిగిపోయేది పనిమనిషే. నాకైతే పాతదే ఎక్కువ భయం పుట్టిస్తుంది. 'పారసైట్' (2019)లో మెట్లకు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కిమ్ సినిమాలే స్ఫూర్తి అని 'పారసైట్' దర్శకుడు బాంగ్ జూన్-హో చెప్పాడు కూడా. ముందు 1960 నాటిదే చూడండి, ముగింపు కొందరికి నచ్చకపోవచ్చు.