పెరుగు గిన్నె, కుందేలు మాంసం

ఒక మనిషి మెల్లమెల్లగా మతి తప్పడాన్ని చూపించే సైకలాజికల్ హారర్ సినిమాల్లో నిజంగా భయపెట్టేది ఏది అని అడిగారు. నా జవాబు రిపల్షన్. 1965లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. రోమన్ పొలాన్‌స్కీ తీశాడు, కేథరిన్ దెనూవ్ నటించింది. అందులో గోడలు పగులుతాయి, గోడల్లోంచి చేతులు వచ్చి ఆమెను పట్టుకుంటాయి. చూసినవాళ్ళంతా ఆ చేతుల గురించే చెబుతారు. నేను మొదటిసారి చూసినప్పుడు అంతదాకా పోలేదు. ఒక ప్లేటులో కుళ్ళిపోతున్న కుందేలు మాంసం చూపిస్తారు, అక్కడే లాప్‌టాప్ మూసేశాను.

ఎందుకో చెప్పాలంటే 2012లో మేమున్న మారతహళ్ళి ఇంటి గురించి చెప్పాలి.

మాది మదనపల్లె. ఉద్యోగానికి బెంగళూరు వచ్చి మొదటి ఏడాది పీజీ హాస్టల్లో ఉన్నాను. ఆ చప్పిడి సాంబారు తినలేక ముగ్గురం అమ్మాయిలం కలిసి రెండు బెడ్‌రూముల ఇల్లు తీసుకున్నాం. పది నెలల అద్దె అడ్వాన్సు. బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకుంటారు, అది వేరే. అంత డబ్బు ఒకరి చేతిలో ఇరుక్కుపోయి ఉంటే ఇంట్లో ఏదో తేడాగా ఉందని తెలిసినా కదలబుద్ధి కాదు. నేను కదలకపోవడానికి అదీ ఒక కారణమే.

మూడో అమ్మాయికి పెళ్ళి కుదిరి వెళ్ళిపోయింది. నేనూ, ఇంకో ఆమే మిగిలాం. ఆమెది గుంటూరు వైపు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. అమెరికా క్లయింటుకి సపోర్టు పని, ఎప్పుడూ నైట్ షిఫ్టే. పొద్దున నేను చెప్పులు వేసుకునే టైముకి ఆమె క్యాబ్ దిగేది. రోజుకి పది నిమిషాలు ఒకరినొకరం చూసుకుంటే ఎక్కువ.

మొదట ఆమె గది కిటికీలకు న్యూస్ పేపర్లు అంటించింది. పగలు పడుకోవాలి కదా, వెలుతురు ఇబ్బందేమో అనుకున్నాను. తర్వాత పాల ప్యాకెట్లు గుమ్మం దగ్గరే ఉండిపోవడం మొదలైంది. అలిసిపోయి మర్చిపోయిందనుకున్నాను. ఒకరోజు, "రాత్రి నన్ను పిలిచావా?" అని అడిగింది. లేదక్కా అన్నాను. మర్నాడు మళ్ళీ అదే అడిగింది. నిద్రలో కలవరిస్తున్నానేమో అని నా మీదే నాకు అనుమానం వచ్చింది. ఇక్కడే సినిమాలు చాలావరకు తప్పు చేస్తాయి. మతి తప్పడం అంటే కళ్ళు పెద్దవి చేసి చూడటం, ఉరుములు, వెనకాల వయొలిన్లు. మా ఇంట్లో అవేం లేవు. ప్రతిదానికీ ఒక మామూలు కారణం దొరికేది. ఆ కారణాలన్నీ నేనే వెతికి పెట్టేదాన్ని.

తర్వాత పైఇంటి గొడవ. "పైవాళ్ళు కుర్చీలు జరుపుతున్నారు. నేను ఏ గదిలోకి పోతే ఆ గది మీదికే జరుపుతున్నారు" అంది. పైన ఇద్దరు చిన్నపిల్లలుండేవాళ్ళు, కుర్చీలు లాగడం నిజమే. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఇదిగో, విను" అంది. నాకేం వినపడలేదు. అయినా కోపంగా మెట్లెక్కి పైకి వెళ్ళాను, ఇవాళ తేల్చేద్దామని. తలుపుకి తాళం వేసి ఉంది. గుమ్మానికి వినాయక చవితికి కట్టిన మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి. వాళ్ళు ఊరికెళ్ళి వారమైందని వాచ్‌మన్ చెప్పాడు.

కిందికి వచ్చాను. ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. "చెప్పానక్కా, ఇంక జరపరులే" అన్నాను.

అబద్ధం ఎందుకు చెప్పానో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. తాళం వేసి ఉందని చెబితే ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోవాల్సిన మాట ఒకటి ఉంది. ఆ మాటంటే నాకు భయం.

ఆ వారం వంటగదిలోకి పోయినప్పుడు గట్టు మీద ఒక స్టీలు గిన్నె, మూత పెట్టి ఉంది. నేను ఆంధ్రా మెస్‌లో తినేసి వచ్చేదాన్ని కాబట్టి వంటగదిలోకి పెద్దగా పోయేదాన్ని కాదు. మూత తీస్తే పెరుగు. పైన ఆకుపచ్చగా, అంచుల్లో నల్లగా బూజు. వాసనకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. పారబోద్దామని ఎత్తుతుంటే అక్క వెనకనుంచి వచ్చి, "కదపొద్దు. తోడు పెట్టాను. ఇంకా తోడుకోలేదు" అంది. చాలా మామూలుగా అంది, మా అమ్మ చెప్పినట్టే. నేను గిన్నె మళ్ళీ అక్కడే పెట్టి మూత వేశాను.

రిపల్షన్‌లో క్యారల్ అనే అమ్మాయి లండన్‌లో అక్కతో కలిసి ఉంటుంది, బ్యూటీ పార్లర్‌లో గోళ్ళు తీర్చిదిద్దే పని. అక్క తన ప్రియుడితో ఇటలీ వెళ్తుంది. వండుదామనుకున్న కుందేలు మాంసం ఇంట్లో మిగిలిపోతుంది. అది బయటే కుళ్ళుతుంటుంది, వంటగదిలో దుంపలు మొలకెత్తుతుంటాయి. ఎన్ని రోజులు గడిచాయో పొలాన్‌స్కీ మనకు చెప్పేది వాటితోనే. ఆ ప్లేటు చూడగానే నాకు మా వంటగది గట్టు కనిపించింది. ఆ ముక్క రాసినవాళ్ళకు, తీసినవాళ్ళకు ఇలాంటి ఇల్లు తెలిసే ఉంటుందని నా గట్టి నమ్మకం. ఊహించి తీయగలిగేది కాదు అది.

మిగతా కథకి వస్తాను. ఆమె ఆఫీసుకి పోవడం మానేసింది, సెలవు పెట్టానంది. రాత్రిళ్ళు సీలింగ్ వైపు చూస్తూ గట్టిగా అరిచేది, ఆపండి, నన్నొదిలేయండి అని. అంతా తెలుగులోనే. ఒక రాత్రి మెట్ల దగ్గర పక్క ఫ్లాట్లవాళ్ళు పోగయ్యారు. అందులో ఒకావిడ ఇంకొకావిడతో, "నాగవల్లి బంద్లు నోడి" అంది. నాగవల్లి వచ్చింది చూడండి అని. ఇద్దరూ నవ్వారు.

నాగవల్లి ఎవరో తెలుసుగా. 2004లో వచ్చిన కన్నడ ఆప్తమిత్రలో దయ్యం పేరు. ఆ దయ్యం తనే అనుకునే గంగగా నటించింది మన సౌందర్య, కోలారు జిల్లా పిల్ల. ఆ ఏప్రిల్‌లోనే విమాన ప్రమాదంలో పోయింది, సినిమా తర్వాత విడుదలైంది. దానికి మూలం 1993 నాటి మలయాళం మణిచిత్రతాళు. అక్కడ నాగవల్లి తంజావూరు నర్తకి, తమిళం మాట్లాడుతుంది. కన్నడంలోకి వచ్చేసరికి తెలుగు మాట్లాడింది. 2005లో తమిళ చంద్రముఖి కూడా తెలుగే మాట్లాడింది. 2007లో హిందీలోకి వెళ్తే బెంగాలీ. ఈ నాలుగు సినిమాల్లోనూ పిచ్చి సొంత భాష మాట్లాడదు, పక్కవాళ్ళ భాషే. కన్నడ సినిమాలో, తమిళ సినిమాలో 'రా రా' అని తెలుగు పాట మోగుతుంటే మనవాళ్ళం మురిసిపోయాం. నేనూ మురిసిపోయాను. ఆ రాత్రి మెట్ల మీద నిలబడ్డాక ఇంక ఆ పాట వినలేకపోయాను. లోపల ఒక మనిషి భయంతో వణికిపోతుంటే, ఆమె భాష వాళ్ళకు సినిమాలో దయ్యం భాషలా వినిపించింది.

ఆ సినిమాల మీద నాకు ఇంకో కోపం కూడా ఉంది. చివర్లో డాక్టరు ఒక నాటకం ఆడించి, పగ తీరినట్టు నమ్మించి, ఒక్క రాత్రిలో నయం చేసేస్తాడు. ఇంటిల్లిపాదీ నవ్వుతూ సాగనంపుతారు. ఈ కథలు చూసి పెరిగిన మనకు స్కిజోఫ్రీనియా అంటే ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు అని స్థిరపడిపోయింది. అది పూర్తిగా తప్పు. లేని గొంతులు వినపడటం, ఎవరో పగబట్టారని అనిపించడం వేరు, రెండు వ్యక్తిత్వాలు వేరు. అపరిచితుడు చూసి ఈ రెంటినీ కలిపేసినవాళ్ళు మా ఆఫీసులోనే పదిమంది ఉన్నారు.

మెట్ల మీద ఆ మాట విన్నాక అక్క వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. అప్పటికి మూడు వారాలు గడిచాయి. అంత ఆలస్యం ఎందుకు చేశానంటే, బెంగళూరులో మానసిక వైద్యం చేసే పెద్దాసుపత్రి నిమ్హాన్స్, ఆ పేరు నోటికి రానివ్వలేదు. మన దగ్గర ఎర్రగడ్డ, విశాఖలో పెద వాల్తేరు, చెన్నైలో కీళ్పాక్కం, ఇక్కడ నిమ్హాన్స్. వైద్యం దొరికే చోటు పేరునే తిట్టుగా మార్చేసుకున్నాం. ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు, వీణ్ణి నిమ్హాన్స్‌లో చేర్చాలిరా అంటుంటారు. ఆ పేరు ఒక అమ్మకు ఫోన్‌లో ఎలా చెప్పేది? ఇప్పుడైతే 2022 నుంచి టెలి మానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు. అప్పుడు నాకు అలాంటిదేదీ తెలియదు.

వాళ్ళమ్మగారు రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగారు. చేతిలో పచ్చడి డబ్బాలున్న సంచి. ఇంట్లోకి వచ్చి, కిటికీలు చూసి, కూతుర్ని చూసి, నన్ను పక్కకి పిలిచి, "ఎన్నాళ్ళ నుంచమ్మాయ్?" అన్నారు. "మొన్నటి నుంచే ఆంటీ" అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. కిటికీ పేపర్ల మీద తేదీలు చూసే ఉంటారు. వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి ముందు తాయెత్తు కట్టించమన్నాడట. ఆవిడ వినలేదు. ఆ తల్లికి చదువు పెద్దగా లేదు, కానీ హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ దాకా ఆటోలో కూతురి తల ఒళ్ళో పెట్టుకుని ఒక్క కన్నీటి బొట్టు రానివ్వకుండా తీసుకొచ్చారు.

అక్కడ తెలుగు వచ్చిన డాక్టరమ్మ ఒకరు నన్ను అడిగారు, ఆమె సరిగ్గా నిద్రపోయి ఎన్ని రోజులైంది అని. ఒకే కప్పు కింద ఉన్నాను. చెప్పలేకపోయాను. ఈ జబ్బుకి ఒక్కటే కారణం అంటూ ఉండదని ఆవిడ ఓపికగా చెప్పారు. అయినా నైట్ షిఫ్టులే ఆమెనలా చేశాయని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఏళ్ళ తరబడి రాత్రిని పగలు చేస్తే ఏ మెదడు నిలబడుతుంది?

రిపల్షన్‌ని పూర్తిగా చూసింది పెళ్ళయ్యాక, పట్టపగలు, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని. అప్పుడు అర్థమైంది అది నన్నంతగా ఎందుకు పట్టుకుందో. క్యారల్ రోడ్డు మీద ఒక పగులు చూస్తూ కూర్చుండిపోతుంది. ఆమె వెంటపడే అబ్బాయి ఆమెకేమైందో తెలుసుకోడు, తన ప్రేమ సంగతే చూసుకుంటాడు. పార్లర్‌లో ఒకామె వేలు తెగేలా చేస్తే ఇంటికి పంపేస్తారు. అందరూ ఆమెను చూస్తారు, ఎవరూ సరిగ్గా చూడరు. అక్క ఇటలీ నుంచి తిరిగొచ్చి తలుపు తీసేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఆ సినిమాలో నేను క్యారల్‌ని కాదు, ఆ అక్కని. నేను ఇటలీ కూడా వెళ్ళలేదు. పక్క గదిలోనే ఉన్నాను.

ది షైనింగ్ సంగతి అడుగుతారేమో. 1980 నాటి ఆ సినిమాలో జాక్ నికల్సన్ ఉద్యోగం అడగడానికి వచ్చిన మొదటి సీనులోనే తేడాగా ఉంటాడు. నవల రాసిన స్టీఫెన్ కింగ్‌కి కూడా ఇదే అభ్యంతరం. నేను కింగ్ పక్షమే. మొదటి రోజే తెలిసిపోతే ఇంక జారడం ఎక్కడిది? అందులో నాకు గుండె ఆగినంత పనైంది ఒక్కచోటే. భర్త టైపు చేసిన కాగితాల కట్ట తిరగేస్తే అన్ని పేజీల్లోనూ ఒకే వాక్యం ఉంటుంది. అప్పుడు ఆ భార్య ముఖం చూడండి. ఇంట్లో ఉన్న మనిషికి మొదటిసారి నిజంగా తెలిసిన క్షణం అది.

మా గుంటూరు అక్క మందులు వాడింది. తగ్గడానికి నెలలు పట్టింది, మధ్యలో మానేసి ఒకసారి మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. ఇప్పుడు సొంతూళ్ళో పగటి ఉద్యోగం చేస్తోంది. పోయినేడు ఫోన్‌లో చాలాసేపు మాట్లాడుకున్నాం. మారతహళ్ళి ఇంటి ఊసు తనే ఎత్తింది.

"ఆ పెరుగు గిన్నె ఏం చేశావే?" అని అడిగింది.

"పారేశానక్కా" అన్నాను. మీరు ఆస్పత్రికి వెళ్ళిన రోజే, ముక్కుకి చున్నీ కట్టుకుని, గిన్నెతో సహా.

కాసేపు ఏం మాట్లాడలేదు.

"అది మా అమ్మ పెళ్ళి సామాన్లోది. అడుగున ఆమె పేరు చెక్కి ఉంటుంది" అంది.