తెర చెడిందని ల్యాప్‌టాప్‌ని పక్కన పెట్టేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

తెర మీద గీతలు వస్తున్నాయనీ, మూత కదిపితే ఒక్కోసారి మొత్తం నల్లబడుతోందనీ రాశావు. బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నది ఇప్పుడే తేల్చకు. ముందు చెడింది ఏదో తెలియాలి. తెరకు బొమ్మ మోసే కేబులు, బొమ్మ చూపించే ప్యానెల్, భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు: ఈ మూడింటిలో ఏది చెడినా లక్షణాలు దగ్గరగా ఉంటాయి, ఖర్చుల్లో మాత్రం పోలికే లేదు. తెర బాగాలేదనగానే ప్యానెల్ మార్చేసి, అదే గీత కొత్త ప్యానెల్ మీద కూడా కనిపించాక తల పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

అన్నిటికంటే ముందు, తెర కనిపిస్తున్నప్పుడే ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకో. డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో. రేపు బోర్డు మార్చాల్సి వస్తే ఆ కీ లేకుండా డిస్కు తెరుచుకోదు.

ఇక పరీక్షలు. హెచ్‌డీఎంఐ కేబులుతో ఏదైనా మానిటర్‌కో టీవీకో కలిపి, విండోస్ కీతో పాటు పీ నొక్కి, డూప్లికేట్ ఎంచుకో. బయటి తెర మీద కూడా అవే గీతలు వస్తే తప్పు బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ వైపు ఉంది. అప్పుడు బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లి చూడు. అక్కడ విండోస్ డ్రైవర్ (గ్రాఫిక్స్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పనిచేయదు కాబట్టి, అక్కడా గీతలుంటే హార్డ్‌వేరే పాడైందన్నమాట. బయోస్‌లో శుభ్రంగా ఉండి విండోస్‌లోనే వస్తే, డ్రైవర్ తీసేసి మళ్లీ వేసి చూడు, గీతలు పైసా ఖర్చు లేకుండా పోవచ్చు. బయటి తెర బాగుంటే మాత్రం అనుమానం ప్యానెల్, కేబుళ్ల మీదికి వస్తుంది. బోర్డు పూర్తిగా నిర్దోషి అని కాదు, లోపలి తెరకు బొమ్మ వెళ్లే దారీ, తెరను వెనకనుంచి వెలిగించే బ్యాక్‌లైట్ సర్క్యూటూ బోర్డు మీదే ఉంటాయి, కాకపోతే అవి చెడడం తక్కువ.

నువ్వు రాసిన ‘మూత కదిపితే’ అన్న మాట నాకు ముఖ్యంగా తోస్తోంది. మూతను చాలా నెమ్మదిగా తెరుస్తూ చూడు. ప్రతిసారీ ఒకే కోణంలో నల్లబడితే, లేదా రంగులు చెదిరితే, అది చాలావరకు హింజ్ (మూత తిరిగే కీలు) పక్కనుంచి వెళ్లే కేబులు. అలా కాకుండా, మూత కదపకుండా తెర కింది చట్రాన్ని వేలితో మెల్లగా తాకితే గీతలు వచ్చి పోతుంటే, ప్యానెల్ అంచున అతికించిన సన్నటి రిబ్బన్లు ఊడుతున్నాయి. అవి మామూలుగా మళ్లీ అతికేవి కావు, ప్యానెల్ మార్చాల్సిందే. ఎప్పుడూ ఒకే చోట కదలకుండా నిలబడే నిలువు గీత కూడా చాలావరకు ఈ బాపతే. తెర నల్లబడినప్పుడు టార్చ్ ఏటవాలుగా వేసి చూడు. లోపల బొమ్మ మసగ్గా కనిపిస్తే, బొమ్మ వస్తోంది, బ్యాక్‌లైట్ వెలగడం లేదు.

కేబులైతే సంతోషించు, మూడింటిలోకీ చవకైన భాగం అదే. ఒక్కోసారి కనెక్టర్ కాస్త జారి ఉంటుంది, తీసి సరిగ్గా పెడితే చాలు. కానీ కేబులు ఎందుకు నలిగిందో చూడకుండా కొత్తది వేయించకు. హింజ్ బిగుసుకుపోయి ఉన్నా, దాని స్క్రూలు ప్లాస్టిక్‌లోంచి ఊడివస్తున్నా, కొత్త కేబులూ అలాగే నలిగి పోతుంది.

ప్యానెలైతే ల్యాప్‌టాప్ మోడల్ పేరు చూసి ఆర్డర్ పెట్టకు. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ప్యానెళ్లు వస్తాయి. పాతదాన్ని తీసి, వెనక స్టిక్కర్ మీదున్న పార్ట్ నంబర్ చూడాలి. సైజు, రిజల్యూషన్, కనెక్టర్‌లో 30 పిన్నులా 40 పిన్నులా, కనెక్టర్ ఏ వైపు ఉంది, బిగించే చెవులు ఉన్నాయా లేవా, టచ్ ఉందా అన్నవన్నీ కలవాలి. 1366×768 తెర స్థానంలో 1920×1080 వేద్దామనుకుంటే కేబులూ బోర్డూ దానికి సరిపోతాయో లేదో ముందే నిర్ధారించుకో. ఎవరు మార్చినా సరే, ఛార్జర్ పీకి, లోపలి బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకున్నాకే ప్యానెల్ కేబులు ముట్టుకోవాలి. కరెంటు ఉండగా లాగితే బోర్డు మీది బ్యాక్‌లైట్ ఫ్యూజ్ పోవచ్చు, అప్పుడు కొత్త ప్యానెల్ కూడా చీకటిగానే ఉంటుంది. చట్రం బిగించకముందే ఒకసారి వెలిగించి చూడాలి. తెల్ల, నల్ల, ఎర్ర తెరలు నిండుగా పెట్టి, చచ్చిన చుక్కలు (సరిగ్గా వెలగని పిక్సెళ్లు) ఉన్నాయేమో చూశాకే డబ్బు ఇవ్వు. కొన్ని సన్నటి మోడళ్లలో గాజు, ప్యానెల్ అతికే వస్తాయి, మూత మొత్తం మార్చాలి. అక్కడ ఖర్చు బాగా పెరుగుతుంది.

గ్రాఫిక్స్ చిప్పే పోతే, వేడి చేసి బాగు చేస్తామన్న మాట నమ్మకు. కొన్నాళ్లు పనిచేసి మళ్లీ పడిపోతుంది. పాత మెషీన్‌కి ఆ ఖర్చు వద్దు.

కేబులో ప్యానెలో అని తేలాక మిగతా మెషీన్ వైపు చూడు. ర్యామ్ 4 జీబీ ఉండి, అది బోర్డుకే అతికి ఉంటే కొత్త తెర వేసినా అదే నత్తనడక. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలి. అది లేకపోయినా, నీ పనులు విండోస్‌కి బదులు వాడే లైనక్స్‌లో జరిగేవైతే మెషీన్‌ని తీసిపారేయక్కర్లేదు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే లోపల బ్యాటరీ ఉబ్బిందేమో, వెంటనే వాడకం ఆపి దాన్ని తీయించు. తెర, బ్యాటరీ, హింజ్, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు), ఏవేవి మార్చాలో అన్నీ ఒకేసారి కూడి చూడు. విడివిడిగా ఏదీ ఎక్కువనిపించదు, అక్కడే మోసపోతాం. ఆ మొత్తం అంతే సామర్థ్యమున్న మంచి మెషీన్ ధరలో సగం దాటితే నేనైతే వద్దంటాను.

ఇంకో దారి ఉంది. ల్యాప్‌టాప్‌ని బల్ల మీద నుంచి కదపనే కదపవంటే ప్యానెల్ జోలికే పోకుండా ఒక మానిటర్ కొనుక్కో. ఈ మెషీన్ పోయినా మానిటర్ తర్వాతిదానికి పనికొస్తుంది.

ముందు బ్యాకప్ తీసుకుని, మానిటర్ పరీక్షలో ఏం తేలిందో రాయి. గీతలు నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా, మూత ఎంత తెరిస్తే నల్లబడుతోంది, అవి కూడా రాయి.