టీచర్లు ఉండగా హైస్కూల్లో సోషల్ వర్కర్ ఎందుకు?

టీచర్లు, హెడ్‌మాస్టర్ ఉండగా సోషల్ వర్కర్ వచ్చి కొత్తగా చేసేదేముందని నన్ను ఒకరు అడిగారు. నేను ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివాక ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కర్నూలు జిల్లా ఆదోని చుట్టుపక్కల జడ్పీ హైస్కూళ్లలో మూడేళ్లు పనిచేశాను. అక్కడ చూసిందే చెప్తాను.

ఆ వైపు పల్లెల్లో పనుల్లేని నెలల్లో కుటుంబాలకు కుటుంబాలే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోతాయి. సంక్రాంతి సెలవులయ్యాక చూస్తే వెనక బెంచీలు ఖాళీ. టీచరు ఆబ్సెంట్ వేసి పాఠం మొదలుపెడతారు. ఆయన్ని తప్పుపట్టలేం, ముందు యాభై మంది కూర్చుని ఉంటారు. రాని పిల్ల ఎందుకు రాలేదో ఇంటిదాకా వెళ్లి కనుక్కునే మనిషి వేరే ఉండాలి.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె పది రోజులుగా రాలేదని వెళ్తే ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద కూర్చున్న అవ్వ, ఆ పిల్లకు నాయనమ్మే, "సుగ్గికి పోయినారమ్మా" అంది. సుగ్గి అంటే కోతల పనికి వలస పోవడం. అమ్మానాన్న చేలో ఉంటే చిన్న తమ్ముణ్ణి ఆ పిల్ల చూసుకుంటోంది. తండ్రికి ఫోన్ చేస్తే ఒక్కటే మాట అడిగాడు: "వయసుకొచ్చిన పిల్లను ఈడ ఎవరి దగ్గర ఇడిసిపెట్టి పోవల్ల మేడమ్? మా అమ్మకు కండ్లు సరిగా కనపడవు."

చదువు విలువ గురించి ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆయన దిగులంతా రాత్రి పూట బిడ్డ ఎక్కడ పడుకుంటుందని. వలస పోయినవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, వలస నెలల్లో నడిచే సీజనల్ హాస్టల్ పక్క ఊళ్లో ఉంది. హెడ్‌మాస్టర్‌తో, ఎంఈఓతో (మండల విద్యాధికారితో) మాట్లాడి సీటు అడిగాను. అవ్వను ఆటోలో తీసుకెళ్లి గదులు, బాత్రూమ్ గడియలు, రాత్రి అక్కడే ఉండే ఆయమ్మను చూపించాను. నేను నాలుగు సార్లు ఫోన్ చేసినా కదలని తండ్రి, అవ్వ ఒక్కసారి చెప్పగానే పిల్లను బస్సెక్కించుకుని వచ్చాడు. ఆ అమ్మాయి ఆ ఏడు పరీక్షలు రాసింది.

హైస్కూల్ వయసు గురించే ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. బాలకార్మిక చట్టం కూడా 2016 సవరణ తర్వాత 14 లోపు పిల్లలతో పని చేయించకూడదంటుంది. 14 దాటితే ప్రమాదకరమైన పనులకే నిషేధం. అంటే తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ఆ రెండు చట్టాల రక్షణా ఒకేసారి సడలిపోతుంది. పెళ్లి మాటలు మొదలయ్యేదీ అప్పుడే.

ఇంకొకటి చెప్పాలి, ఇది నేను చేసిన తప్పు. మొదటి ఏడాది ఒక పిల్లవాడు వాళ్ల నాన్న తాగొచ్చి కొడతాడని నాతో చెప్పుకున్నాడు. సాయం అవుతుందనుకుని క్లాస్ టీచర్‌కు చెప్పాను. వారంలో క్లాసంతా తెలిసిపోయింది. ఆ పిల్లవాడు నన్ను చూస్తే తల తిప్పుకునేవాడు, ఇంకెప్పుడూ నాతో మాట్లాడలేదు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు. అప్పట్నుంచి పిల్లలు నోరు తెరవకముందే చెప్పేదాన్ని: "నీ మాట నా దగ్గరే ఉంటుంది. కానీ ఎవరైనా నిన్ను తాకరాని చోట తాకారని చెప్తే, నీ ప్రాణానికి ప్రమాదం ఉందని తెలిస్తే, నేను పైవాళ్లకు చెప్పాలి." 2012 పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం సంగతి తెలిసినవాళ్లు దాచకూడదు. ముందే చెప్పినా పిల్లలు మాట్లాడటం మానలేదు.

మీ ఊరి హైస్కూల్లో ఇలాంటి మనిషి లేకపోతే, పిల్ల ఆపదలో ఉందని తెలిసిన ఎవరైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. బాల్యవివాహం సంగతైనా సరే. మనసు బాగోలేని పిల్లలకు టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఆ రెండు నంబర్లు గోడ మీద రాయించమని హెడ్‌మాస్టర్‌ను అడగండి.