ముప్పై దగ్గరపడ్డాక ఎయిర్‌ఫోర్స్ కల

ప్రశ్న: నాకు 29. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లయింది, ఏడాదిన్నర పాప. చిన్నప్పటి నుంచి ఎయిర్‌ఫోర్స్ పైలట్ కావాలని ఉండేది. ఇంట్లో ఇంజినీరింగ్ అన్నారు, చేరిపోయాను. ఇప్పుడు అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాక్‌పిట్ వీడియోలు చూస్తుంటాను. రాజీనామా చేసి ప్రయత్నించాలనుంది. మరీ ఆలస్యమైపోయిందా?

జవాబు: మీరు ఏ దేశ పౌరులో రాయలేదు. సగం జవాబు అక్కడే ఉంది. భారత వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచిలో డిగ్రీ తర్వాత చేరేవాళ్లకు 20 నుంచి 24 ఏళ్ల వరకే అవకాశం. కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉంటే 26 దాకా. అంటే ఆ దారి మూసుకుపోయింది. ఈ మాట ఎవరో ఒకరు తేల్చి చెప్పకపోతే ఇంకో పదేళ్లు ఆ వీడియోలు చూస్తూనే ఉంటారు. అమెరికా పౌరులైతే లెక్క వేరు. అక్కడి ఎయిర్‌ఫోర్స్‌లో 33 నిండకముందు శిక్షణ మొదలవ్వాలి. గ్రీన్‌కార్డు చాలదు. వయసు చూసేది అప్లై చేసిన రోజుకి కాదు, శిక్షణ మొదలయ్యే రోజుకి. సెలక్షన్లు, మెడికల్ అయ్యేసరికి చాలా కాలం కరిగిపోతుంది.

దారి ఉందని తేలినా రాజీనామా జోలికి పోకండి. ముందు కళ్లు చూపించుకోండి. రంగు చుక్కల మధ్య దాగిన అంకె చదివించే ఇషిహారా పరీక్ష కాసేపట్లో అయిపోతుంది. అందులో తేడా వస్తే మీ పట్టుదల ఎంతున్నా పనికిరాకపోవచ్చు.

వయసు కన్నా నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఇంకొకటి. ఉత్తరం మొత్తంలో మీ ఆవిడ గురించి ఉన్నది ‘పెళ్లయింది’ అన్న ఒక్క మాట. అమెరికాలో పైలట్ శిక్షణ పూర్తయ్యాక 10 ఏళ్లు పనిచేయాలి. అవి తీరేసరికి మీ పాప హైస్కూల్లో ఉంటుంది. ఈలోపు ఎన్నిసార్లు ఇల్లు మారాలో, ఎన్ని నెలలు మీరు దూరంగా ఉండాలో మీ చేతిలో ఉండదు. ఇవన్నీ ఆమెకు రాజీనామా రోజున తెలిస్తే ఎలా?

విమానం నడపడమే కావాలంటే ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి గరిష్ఠ వయసు లేదు, ఉద్యోగం చేసుకుంటూనే నేర్చుకోవచ్చు. యూనిఫామే కావాలి, దారేమో లేదు అంటే మాత్రం కొన్నాళ్లు బాధపడాల్సిందే. దానికి నా దగ్గర మందు లేదు.

ఈ రాత్రి ఇయర్‌ఫోన్స్ తీసేసి ఆ వీడియో ఆమెకు కూడా చూపించండి. చూశాక ఆమె మొట్టమొదట ఏం అడిగిందో నాకు రాయండి.