మీ ప్రశ్న – మా జవాబు: ఎండకాలంలో తొలి ట్రయథ్లాన్

ప్రశ్న: ఏప్రిల్‌లో స్ప్రింట్ ట్రయథ్లాన్ చేద్దామనుకుంటున్న. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. మూడూ విడివిడిగా చేయగలను. పొద్దున ఆరింటికే మొదలైతది కదా, ఎండకు అంత భయపడాల్నా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: రేసు ఎన్నింటికి మొదలవుతుందని కాదు, పరుగు ఎన్నింటికి మొదలవుతుందని లెక్కేయండి. కొత్తవాళ్లకు ఈతకు 20–25 నిమిషాలు, సైకిల్‌కు 50–55 నిమిషాలు, నడుమ బట్టలు, బూట్లు మార్చుకోవడానికి ఐదారు నిమిషాలు పడతాయి. అంటే మీరు పరుగందుకునేసరికి ఏడుంబావు దాటుతుంది. ముగించేది ఎనిమిదింటికి. ఏప్రిల్‌లో మన దగ్గర ఎనిమిది గంటల ఎండ ఎట్లుంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు.

అసలు మోసం సైకిల్ మీద జరుగుతుంది. 22–25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలికి చెమట పుట్టినట్టే ఆరిపోతుంది, వేడి తెలియదు. దాంతో తొక్కుడు ఎక్కువ చేస్తారు. దిగి పరుగు మొదలుపెట్టగానే ఆ గాలి మూడో వంతుకు పడిపోతుంది. లోపల చేరిన వేడి పోయే దారి లేక మొదటి కిలోమీటర్‌లోనే గుండె దడదడలాడుతుంది. అందుకే సైకిల్ మీద మొదటి పది నిమిషాలు ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా పోండి. పరుగులో మొదటి కిలోమీటర్ మీ మామూలు 5 కిలోమీటర్ల పరుగులో కిలోమీటర్‌కు పట్టే సమయం కంటే 30–40 సెకన్లు ఆలస్యంగానే చేయండి. అక్కడ ఓపిక పట్టినవాళ్లు చివరి కిలోమీటర్‌లో చాలామందిని దాటిపోతారు.

నీళ్ల లెక్క ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గంటసేపు ఎండలో సాధన చేసే ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. 70 కిలోలు 69.2 అయ్యి, నడుమ 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే, గంటకు 1.2 లీటర్ల చెమట పోతున్నట్టు. అదంతా రేసులోనే తాగి పూడ్చాలనుకోవద్దు. పరుగెత్తేటప్పుడు కడుపు అంత పట్టదు. గంటకు 600–700 మిల్లీలీటర్లు, అదీ ఎక్కువ భాగం సైకిల్ మీదనే, పది నిమిషాలకు రెండు మూడు గుక్కల చొప్పున తాగండి. సీసాను రాత్రి సగం నింపి గడ్డకట్టించి, పొద్దున మిగతా సగం నింపుకోండి. లీటర్‌కు కలిపే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ అయితే లీటర్ నీళ్లలోనే కలపాలి. ‘ఘాటుగా ఉంటే బలం’ అని అర లీటర్‌లో కలిపితే వికారం, విరేచనాలు. దాహం లేకున్నా ఉత్త నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదో ప్రమాదం.

నీళ్ల పాయింట్ వచ్చినప్పుడు పరుగు ఆపి 20–30 అడుగులు నడవండి. రెండు గుక్కలు తాగి, మిగిలింది తల మీద, మెడ మీద, మోచేతుల కింద పోసుకోండి. ముందుకు వంగి పోసుకోవాలి, లేకుంటే నీళ్లు బూట్లలోకి దిగి పాదాలు బొబ్బలెక్కుతాయి. ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ నీళ్లు ఆరుతూ ఒంటిని చల్లబరుస్తాయి. మృగశిర తర్వాత తొలి వానలు పడ్డాక ఈ ఉపాయం అంతగా పనిచేయదు. థర్మామీటర్ తక్కువ చూపినా గాలిలో తేమకు చెమట ఆరదు. అప్పుడు టోపీలో ఐసు ముక్కలే దిక్కు.

ఇక అలవాటు. రోజూ ఐదింటి చల్లదనంలోనే పరుగెత్తేవాళ్లకు ఎండ కొత్తే. రేసుకు రెండు వారాల ముందు నుంచి ఏడు–ఎనిమిది గంటల మధ్య ఎండలో 25 నిమిషాలు మెల్లగా మొదలుపెట్టి, గంట దాకా పెంచండి. పది రోజులయ్యేసరికి చెమట తొందరగా పడుతుంది, అదే వేగానికి గుండె వేగం తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో పరుగెత్తి మొండితనం చూపించుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనేది ఊరికే అన్నమాట కాదు.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి బాయిలో ఈత కొట్టిన. పాకాల చెరువులో గానీ కాలువలో గానీ ప్రాక్టీస్ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: వద్దు. పాకాల అభయారణ్యం, అందులో మొసళ్లున్నాయి. వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువులు నగరానికి తాగునీళ్లిచ్చేవి. కాకతీయ కాలువ మరీ చెడ్డది: నీటి వడి ఎక్కువ, ఏటవాలు సిమెంట్ గోడకు పాచి పట్టి ఉంటుంది. ఎంత ఈతగాడికైనా పైకెక్కడానికి పట్టు దొరకదు. ఈత కొలనుకే వెళ్లండి.

బాయి ఈత ధైర్యమిస్తుంది గానీ దూరం ఇవ్వదు. తల పైకెత్తి కొట్టే అలవాటుకు కాళ్లు కిందికి దిగి, వంద మీటర్లకే ఆయాసం వస్తుంది. ముఖం నీళ్లలో పెట్టి ముక్కుతో గాలి వదలడం, పక్కకు తిరిగి పీల్చడం ముందు నేర్చుకోండి. 50 మీటర్ల చొప్పున ఎనిమిది సార్లు, నడుమ 30 సెకన్ల విరామంతో మొదలుపెట్టండి. 25 మీటర్ల కొలనులో ఆగకుండా 30 పొడవులు వస్తే మీ దూరం మీకు వచ్చినట్టే. రేసులో గాబరా పుడితే వెల్లకిలా తిరిగి తేలండి. రక్షణ పడవనో, నీళ్ల మీద తేలే గుర్తు బుంగనో (బోయా) పట్టుకుని ఆగినా సాధారణంగా తప్పు పట్టరు, దాన్ని పట్టుకుని ముందుకు పోకూడదు, అంతే.

ప్రశ్న: రోడ్డు బైక్ లేదు, మామూలు గేర్ల సైకిలే. ఎండకు ట్యూబు పేలుతుందని భయం.
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: సైకిల్ చాలు. బ్రేకులు గట్టిగా పట్టాలి, హ్యాండిల్ చివర్లకు మూతలుండాలి. 25 డిగ్రీల నీడలో 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టిన టైరు ఎండలో 50 డిగ్రీలకు చేరితే సుమారు 88 అవుతుంది, దానికే మంచి టైరు పేలదు. పేలేవి పాత ట్యూబులు, వేడికి జిగురు ఊడిన ప్యాచీలు. ప్యాచీలున్న ట్యూబును రేసుకు ముందే మార్చేయండి. టైరు పక్కన రాసిన గరిష్ఠానికి పది తక్కువ కొట్టి, సైకిల్‌ను నీడన ఉంచండి. గాలి మరీ తగ్గించినా గుంతలో రిమ్ము నొక్కుకుని ట్యూబుకు పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి.

హెల్మెట్ బకిల్ పెట్టాకే స్టాండు మీది సైకిల్‌ను ముట్టుకోవాలి, తిరిగి స్టాండుకు చేర్చాకే విప్పాలి. కొత్తవాళ్లకు పెనాల్టీలు ఎక్కువగా పడేది ఇక్కడే.

ప్రశ్న: మా వారికి 48 ఏళ్లు, బీపీ గోలి వేసుకుంటరు. పంపించొచ్చా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: గోలి పేరు డాక్టర్‌కు చూపించి, ఎండలో రెండు గంటల వ్యాయామమని స్పష్టంగా చెప్పి అడగండి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ గోలీలు కొన్నున్నాయి, వాటితో ఒంట్లో నీళ్లు తొందరగా తగ్గుతాయి. సొంతంగా గోలి మానొద్దు. కాళ్ల నొప్పులకని ముందురోజు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు, నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

మీరు ముగింపు గీత దగ్గర కాదు, పరుగు నాలుగో కిలోమీటర్ దగ్గర నిలబడండి. అడుగులు తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, సోయి తప్పుతున్నట్టున్నా అది ఎండదెబ్బ. చెమట కారుతూనే ఉందని ఊరుకోకండి. పరుగులో వచ్చే ఎండదెబ్బకు చెమట ఆగాలనేమీ లేదు. వెంటనే నీడకు తెచ్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ, చంకల్లో, మెడ మీద ఐసు పెట్టి, గాలి విసరుతూ 108కి ఫోన్ చేయించండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు. సోయి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.