ఎక్స్‌టెన్షన్ ఏం చేయగలదు, ఏం చేస్తుంది?

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. ప్రశ్నపత్రాలు తెలుగులో టైపు చేసుకోవడానికి క్రోమ్ బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టుకోబోతే, అది అన్ని వెబ్‌సైట్లలోని నా డేటాను చదవగలదు, మార్చగలదు అన్న హెచ్చరిక కనిపించింది. అక్షరాలు టైపు చేసే సాధనానికి ఇంత అధికారం ఎందుకు? మా ఇంటి బ్యాంకు లావాదేవీలు కూడా ఈ కంప్యూటర్‌లోనే జరుగుతాయి. (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: చాలామంది చూడకుండా నొక్కేసే వాక్యం దగ్గర మీరు ఆగారు. అందులోని 'గలదు' అన్న మాటే కీలకం. అది ఎక్స్‌టెన్షన్‌కు ఉన్న సామర్థ్యాన్ని చెబుతుందే తప్ప అది నిజంగా చేసే పనిని చెప్పదు. బ్రౌజర్‌కు తెలిసింది సామర్థ్యం వరకే.

ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాము. అనుమతి ఉన్న ప్రతి పేజీలోకి అది తన కోడ్‌ను చేర్చి, అక్కడి పాఠాన్ని, మీరు పెట్టెల్లో నింపే వివరాలను చూడగలదు. బ్యాంకు సైటుకు హెచ్‌టీటీపీఎస్ రక్షణ ఉంది కదా అనుకోవచ్చు. ఆ రక్షణ, ఉత్తరాన్ని దారిలో ఎవరూ విప్పకుండా లక్క వేసి పంపడం లాంటిది. ఎక్స్‌టెన్షన్ మాత్రం ఉత్తరం విప్పే గదిలోనే కూర్చుని ఉంటుంది. మీరు ఏ సైటులో ఏ పెట్టెలో తెలుగు రాయాలనుకుంటారో ముందుగా తెలియదు కాబట్టి, టైపింగ్ సాధనం సాధారణంగా అన్ని సైట్లకూ అనుమతి అడుగుతుంది. రాసే పెట్టెల వరకే పరిమితమైన అనుమతి అంటూ బ్రౌజర్‌లో వేరుగా లేదు. అందువల్ల నిజాయితీపరుడైన తయారీదారు అడిగే అనుమతీ, దురుద్దేశంతో వచ్చినవాడు అడిగే అనుమతీ ఒకే వాక్యంలో కనిపిస్తాయి.

ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి ఉన్న ఆధారం గోప్యతా ప్రకటన. ఏ సమాచారం సేకరిస్తారో, దాన్ని అమ్మబోమని హామీ ఇస్తున్నారో లేదో తయారీదారులు తెలియజేసే ఏర్పాటును క్రోమ్ వెబ్ స్టోర్ 2021 జనవరి నుంచి అమలు చేస్తోంది. దాన్ని తప్పక చదవండి. అయితే అది తయారీదారు తన గురించి తాను చెప్పుకున్న మాట అని మరవకండి. ఇతరులు మీ జాడ తీయకుండా కాపాడతామని చెప్పుకున్న అవాస్ట్ సంస్థే తన ఎక్స్‌టెన్షన్లు, యాంటీవైరస్ ద్వారా బ్రౌజింగ్ వివరాలు సేకరించి, జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా వందకు పైగా సంస్థలకు అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఆ వ్యవహారంలో 1.65 కోట్ల డాలర్ల చెల్లింపు, ప్రకటనల కోసం అలాంటి డేటా అమ్మకంపై నిషేధం 2024లో ఖరారయ్యాయి. కాపలా కోసం పెట్టుకున్నదే కన్నం వేసిందన్నమాట.

మీ విషయంలో ఒక తేలిక మార్గం ఉంది. విండోస్ 10, 11లలో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు సిద్ధంగానే ఉంటుంది. భాషల సెట్టింగుల్లో చేర్చుకుంటే ఎక్స్‌టెన్షన్ అవసరమే రాదు. అయినా అదే కావాలనుకుంటే, బ్యాంకు పనికి క్రోమ్‌లో వేరే ప్రొఫైల్ సృష్టించుకోండి. ఒక ప్రొఫైల్‌లో మీరు పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ మరో ప్రొఫైల్‌లో పనిచేయదు. ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలో సైట్ యాక్సెస్‌ను 'అన్ని సైట్లలో' అన్నదాని నుంచి 'క్లిక్ చేసినప్పుడు' అన్నదానికి మార్చడం మరో పద్ధతి. ప్రతిసారీ ఒక నొక్కు ఎక్కువవుతుంది, అంతే.

ప్రశ్న: ఏళ్ల తరబడి వాడుతున్న, మంచి పేరున్న ఒక ఎక్స్‌టెన్షన్‌ను హానికరమైనదంటూ బ్రౌజర్ ఒకరోజు ఆపేసింది. మంచిది చెడ్డదెలా అయింది? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: సాధారణంగా యజమాని మారడం వల్ల. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి కంప్యూటర్ మెమరీని ఆదా చేసే ద గ్రేట్ సస్పెండర్‌ను దాని రూపకర్త 2020లో ఇతరులకు అప్పగించారు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమైనదిగా గుర్తించి ఆపేసింది. అప్పటికి 20 లక్షల మంది దాన్ని వాడుతున్నారు. వీరు నమ్మింది పాత మనిషిని, అనుమతి చెలామణీ అయింది కొత్త యజమాని చేతిలో.

ఎక్స్‌టెన్షన్లు మనకు చెప్పకుండానే అప్‌డేట్ అవుతాయి. కొత్త కూర్పు అదనపు అధికారం అడిగితే క్రోమ్ దాన్ని ఆపి మన సమ్మతి కోరుతుంది. కానీ మొదటి రోజే అన్ని సైట్లకూ అనుమతి ఇచ్చేసి ఉంటే అదనంగా అడగాల్సింది పెద్దగా మిగలదు, కాబట్టి కోడ్ మారిన సంగతి తెలియజేసే హెచ్చరిక ఏదీ రాదు. వాడనివాటిని తీసేయమని ఈ శీర్షికలో పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

యజమాని మారకపోయినా ప్రమాదం లేకపోలేదు. డేటా భద్రతే వ్యాపారంగా ఉన్న సైబర్‌హేవెన్ సంస్థలో ఒక ఉద్యోగి 2024 డిసెంబరులో మోసపూరిత ఈమెయిల్‌కు చిక్కడంతో, దాడి చేసినవారు క్రిస్మస్ వేళ ఆ సంస్థ ఎక్స్‌టెన్షన్‌కు దొంగ అప్‌డేట్ విడుదల చేశారు. లాగిన్ కుకీలను, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని సైటు గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తులను, దొంగిలించడం అందులోని ఒక ఉద్దేశం. కుకీ పోతే పాస్‌వర్డ్ తెలియకుండానే ఖాతాలోకి దూరవచ్చు. కాబట్టి ఎక్స్‌టెన్షన్‌ను తొలగించి ఊరుకోకండి. ముఖ్యమైన ఖాతాలన్నింటిలో 'అన్ని పరికరాల నుంచి లాగవుట్' ఎంచుకుని, ఆపైన పాస్‌వర్డ్ మార్చండి.

ప్రశ్న: 'పేర్లు తొలగించిన సమాచారాన్ని మాత్రమే ఇతరులతో పంచుకుంటాం' అని ఒక గోప్యతా విధానంలో చదివాను. పేరు లేనప్పుడు నష్టమేమిటి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: పేరు తీసేసినా వెబ్ చిరునామాలు మిగులుతాయి, అవి చాలా మాట్లాడతాయి. మీ సొంత ప్రొఫైల్‌ను సరిదిద్దే పేజీ చిరునామాలోనే మీ ఖాతా పేరు ఉండవచ్చు. రోజూ ఒక కార్యాలయపు సైటు, ఒక బడి సైటు, ఒక వ్యాధి గురించిన పేజీ తెరిచే మనిషి ఊళ్లో ఎందరుంటారు? సైట్లు నమ్మదగినవో కావో చెప్పే వెబ్ ఆఫ్ ట్రస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ వాడుకదారుల బ్రౌజింగ్ వివరాలు బయటి సంస్థలకు చేరుతున్నాయని జర్మనీ ప్రసార సంస్థ ఎన్‌డీఆర్ 2016 నవంబరులో బయటపెట్టింది. పేర్లు లేవన్న ఆ వివరాల్లోంచే విలేకరులు వ్యక్తులను గుర్తుపట్టగలిగారు.

ప్రశ్న: విదేశీ సంస్థ తయారుచేసిన ఎక్స్‌టెన్షన్‌కు మన చట్టం వర్తిస్తుందా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: భారతదేశంలో ఉన్నవారికి వస్తువులో సేవలో అందించడం కోసం వ్యక్తిగత డేటాను వాడితే, ఆ పని విదేశంలో జరిగినా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో ఉపసంహరించుకోవడమూ అంతే సులువుగా ఉండాలని అది చెబుతోంది. నియమాలు 2025 నవంబరులో వెలువడినా, సంస్థలపై ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తాయి. అప్పుడైనా ఫిర్యాదు ముందు సంస్థకు చేయాలి. అక్కడ పరిష్కారం దొరకకపోతేనే డేటా పరిరక్షణ బోర్డును ఆశ్రయించాలి. కనుక ఆ ఎక్స్‌టెన్షన్ పేజీలో సంస్థ పేరు, సంప్రదించే చిరునామా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.